గిటారు యాంప్లిఫయరు సోల్డరింగ్: పార్టులు వేడికి పోకుండా కాపాడుకునే విధం



ఈసారి లెక్కల గురించి గానీ, అకౌంట్ల గురించి గానీ కాక ఒక చేతిపని గురించి రాస్తున్నాను. నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పని చేసి రిటైరు అయినవాణ్ణి. ఇంజనీరును కాను. అయితే కాలేజీ రోజుల నుంచి రేడియోలు, మా ఊరి భజన మందిరం యాంప్లిఫయరు వంటివి విప్పి బాగు చేయడం నాకు అలవాటు. అందువల్ల పావగడ చుట్టుపక్కల ఊళ్లలో ఐ.టి.ఐ., డిప్లొమా, బి.ఇ. చదివే మన పిల్లలు ప్రాజెక్టు బోర్డులు చేతపట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లు అడిగే ప్రశ్న చాలావరకు ఒకటే. "సార్, డయాగ్రంలో ఉన్నట్టే చేసినాను. సౌండు రాలేదు. ఎందుకు?"

బోర్డు తిప్పి చూస్తే డయాగ్రం ప్రకారమే ఉంటుంది. సోల్డరింగ్ దగ్గరే తేడా వచ్చి ఉంటుంది. ఏదో ఒక పార్టు వేడికి పోయి ఉంటుంది, లేదా వేడికి భయపడి సరిగా అతికించక జాయింటు లోపల వదులుగా ఉంటుంది. ఈ రెండూ ఒకే చోట పుట్టే లోపాలని చాలామందికి తెలియదు. అది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణకు గిటారు యాంప్లిఫయరును తీసుకున్నాను. కారణం, చిన్న బోర్డు మీదే అన్ని రకాల పార్టులూ వస్తాయి. గిటారు అనగానే "మనకెందుకీ సోకు" అని పెద్దలు కొట్టిపారేయకండి. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు కరెంటు మాండలిన్‌ను యాంప్లిఫయరుకు తగిలించే కర్ణాటక సంగీత కచేరీలు చేశారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. పైగా గిటారుకు చేసిన యాంప్లిఫయరు, కొద్ది మార్పులతో భజనలో మైకుకూ పనికి వస్తుంది.

పిల్లలు సాధారణంగా చేసేది ఎల్.ఎం.386 అనే ఎనిమిది కాళ్ల ఐసీతో. ఇది 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. 1, 8 కాళ్ల మధ్య ఏమీ పెట్టకపోతే సిగ్నలును 20 రెట్లు, ఆ రెండింటి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెడితే 200 రెట్లు పెంచుతుంది. దానికి ముందు గిటారు సిగ్నలును అందుకోవడానికి ఒక ఎఫ్.ఇ.టి. ట్రాన్సిస్టరు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, వాల్యూం కంట్రోలు, గిటారు వైరు గుచ్చే జాకు, ఒక ఎల్.ఇ.డి., స్పీకరు. అంతే సామాను. 200 రెట్లు పెంచే యంత్రంలో మంచి సౌండు ఎంత పెరుగుతుందో చెడ్డ జాయింటు చేసే గరగర కూడా అంతే పెరుగుతుంది. అందులోనూ బోర్డు, స్పీకరు ఒకే పెట్టెలో ఉంటాయి గనుక స్పీకరు అదురుకు వదులు జాయింట్లు ఇంకా వదులవుతాయి. కాబట్టి వేడి తగలకూడదని పైపైన అంటించి వదిలేస్తే కుదరదు.

వేడి లెక్క, వడ్డీ లెక్క

మనం వాడే మామూలు లెడ్డు తీగలో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉంటాయి. అది 183 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మెత్తబడి, 190 దగ్గర పూర్తిగా కరుగుతుంది. 63, 37 పాళ్ల తీగ అయితే సరిగ్గా 183 దగ్గరే ఒక్కసారిగా కరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి అదే సులువు. సీసం లేని తీగ కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. యూరప్ దేశాల్లో 2006 జూలై 1 నుంచి సామాన్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని నియంత్రించారు గనుక ఎగుమతి చేసే ఫ్యాక్టరీల్లో ఆ తీగే వాడతారు. ఇంట్లో నేర్చుకునేటప్పుడు దాని జోలికి పోనక్కరలేదు.

మరి పార్టు ఎంత వేడికి తట్టుకుంటుంది? ఎల్.ఎం.386 డేటాషీటులో సోల్డరింగ్ గురించి ఒక వరుస ఉంటుంది. కాళ్ల దగ్గర 260 డిగ్రీలు, 10 సెకన్లు. ఇందులో డిగ్రీలు ఒక్కటే రాయలేదు, సెకన్లు కూడా రాశారు. విద్యార్థులు ఎప్పుడూ మొదటి అంకె చూసి రెండోది వదిలేస్తారు.

కామర్స్ చదివినవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. బారు వడ్డీ కట్టేటప్పుడు అసలు, కాలం, రేటు మూడింటినీ గుణిస్తాం. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నెలలో తీర్చినవాడు కట్టేది తక్కువ. రూపాయి వడ్డీయే కదా అని మూడేళ్లు వదిలేసినవాడు కట్టేది చాలా ఎక్కువ. బిట్టు వేడి రేటు వంటిది, బిట్టును ఆనించి ఉంచే సెకన్లు కాలం వంటివి. బాగా వేడెక్కిన బిట్టుతో మూడు సెకన్లలో పని ముగిస్తే జాయింటు దగ్గర లెడ్డు చక్కగా పారుతుంది, కాలి గుండా వేడి పైకి పాకి పార్టు ఒంటికి చేరేలోపే మీరు చేయి తీసేసి ఉంటారు. చాలీచాలని వేడితో ఇరవై సెకన్లు నొక్కిపట్టి ఉంచితే జాయింటూ సరిగా రాదు, ఆ లోపల పార్టు మొత్తం ఉడుకుతుంది. ఫిజిక్సు తెలిసినవారు ఈ పోలికలో లోపాలు పట్టవచ్చు. కానీ బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఇది గుర్తుంటే చాలు.

అంటే పార్టును కాపాడేది తక్కువ వేడి కాదు, తక్కువ సమయం.

మన ఊళ్లలో అసలు చిక్కు

మన ట్రస్టు స్కాలర్‌షిప్ తీసుకుంటున్న ఒక డిప్లొమా విద్యార్థి ఈ గిటారు యాంప్లిఫయరును ప్రాజెక్టుగా పెట్టుకున్నాడు. వాళ్లది వేరుశనగ మీద బతికే కుటుంబం. పార్టుల కోసం బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు రెండుసార్లు పోయి వచ్చాడు. ఐసీ ధర తక్కువే, కొన్ని పదుల రూపాయల్లో వస్తుంది. కానీ బస్సు చార్జీ, ఒక రోజు కాలేజీ, భోజనం ఖర్చు కలిపి లెక్క వేస్తే చచ్చిపోయిన ఒక్కొక్క ఐసీ వెనక ఎంత పోయిందో తెలుస్తుంది. మూడో ఐసీ కూడా పోయాక వాళ్ల నాయన నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మావాడు మూడు ఐసీలు కాల్చినాడు. వానికి చేతగాని పనేమో ఇది. ఈ చదువు మాన్పిచ్చి షాపులో పెట్టేదా?"

"మాన్పియ్యొద్దప్పా. సాయంత్రం మీ ఇంటికి వస్తా, వాడు పని చేసేటప్పుడు చూస్తా" అన్నాను.

సాయంత్రం ఆరున్నరకు పోయి చూశాను. అబ్బాయి చేతిలో వణుకు లేదు, ఓపిక ఉంది, 25 వాట్ల సోల్డరింగ్ ఐరనూ మంచిదే. అయితే లెడ్డు తీగ జాయింటు మీద పారకుండా గంజిలా ముద్ద కడుతోంది. పాపం వాడు అది కరిగేదాకా బిట్టు నొక్కిపట్టి ఉంచుతున్నాడు. నేను మల్టీమీటరుతో ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూశాను. 170 వోల్టులు! పంపుసెట్లన్నీ నడిచే వేళ అది. సీలింగు ఫ్యాను కూడా నిద్రమత్తులో తిరుగుతోంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. హీటరు ఇచ్చే వాట్లు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటాయి. 230 వోల్టులకు 25 వాట్లు ఇచ్చే ఐరను 170 వోల్టులకు ఎంత ఇస్తుంది? 170ని 230తో భాగిస్తే 0.74. దాన్ని దానితోనే గుణిస్తే 0.55. 25లో 0.55 వంతు అంటే 14 వాట్లు కూడా లేదు. వోల్టేజీ నాలుగో వంతు తగ్గితే వేడి సగానికి సగం పడిపోయింది. లెడ్డు తీగను నేరుగా బిట్టుకు తాకిస్తే కరుగుతుంది గనుక ఐరను బాగానే ఉందని అనుకుంటాం. బోర్డు మీద రాగికి ఆనించగానే ఆ కాస్త వేడినీ రాగి లాగేసుకుంటుంది, లెడ్డు గడ్డకడుతుంది.

"రేపు తెల్లవారుజామున అయిదింటికి లేసి చెయ్యి నాయనా" అని చెప్పి వచ్చాను. ఆ వేళకు వోల్టేజీ 225 దగ్గర ఉందట. నాలుగో ఐసీ పోలేదు. అబ్బాయి చేతిలో లోపం లేదని వాళ్ల నాయనకు ఆ వోల్టేజీ లెక్క కాగితం మీద వేసి చూపించాక గానీ నమ్మకం కుదరలేదు.

సాయంత్రమే చేయక తప్పని పరిస్థితి ఉంటే స్టెబిలైజరు ద్వారా ఐరను పెట్టండి, లేదా 35, 40 వాట్ల ఐరను వాడండి. వోల్టేజీ కోలుకున్న వేళ అదే 40 వాట్ల ఐరను చిన్న పార్టులకు ఎక్కువ అవుతుందని గుర్తుంచుకోండి. టెంపరేచరు కంట్రోలు ఉన్న స్టేషను కొనగలిగితే 320 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టుకుంటే సరిపోతుంది. ఏదైనా సరే, ఎర్తు కాలు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నదే తీసుకోండి. ప్లగ్గులో వోల్టేజీ చూడటం మాత్రం తెలిసిన పెద్దల ఎదుటే చేయాలి.

మూడు సెకన్ల పని

బిట్టును తడి స్పాంజి మీద ఒకసారి తుడవండి. కొద్దిగా లెడ్డు పూయండి. ఆ తడి మెరుపు ఉంటేనే బిట్టు నుంచి వేడి త్వరగా దిగుతుంది. నల్లగా మాడిన బిట్టు 400 డిగ్రీలున్నా పనికిరాదు. బిట్టు ఒకేసారి పార్టు కాలికీ, బోర్డు రాగికీ తగలాలి. ఒకటి అని లెక్కపెట్టి లెడ్డు తీగను జాయింటుకు తాకించండి, బిట్టుకు కాదు. రెండు అనేసరికి లెడ్డు కాలి చుట్టూ పారుతుంది. తీగ తీసి, మూడు అని ఐరను తీసేయండి. ఆరేదాకా పార్టును కదపవద్దు, నోటితో ఊదవద్దు. నాలుగు సెకన్లయినా పారకపోతే నొక్కిపట్టకండి. తీసేయండి, పార్టును పూర్తిగా చల్లారనివ్వండి, కాలిని గీకి శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. పాత స్టాకు పార్టుల కాళ్లకు చిలుము పట్టి ఉంటుంది. బ్లేడుతో గీకడానికి బద్ధకించి వేడితో గెలుద్దామనుకుంటే పార్టు పోతుంది.

ట్రాన్సిస్టరుకు మూడు కాళ్లుంటే మూడూ వరసగా అంటించేయకండి. ఒకటి అయ్యాక ఇంకో పార్టు కాలు అంటించి మళ్లీ దీని దగ్గరికి రండి. పేస్టు విషయంలో ఒక్క హెచ్చరిక. రేకుల పనికి, పైపుల పనికి వాడే యాసిడ్ పేస్టు బోర్డుకు వాడితే కొన్నాళ్లకు రాగిని తినేస్తుంది. లెడ్డు తీగ లోపల ఉండే రోజిన్ చాలు.

క్లిప్పు పెట్టడం

పార్టు ఒంటికి, జాయింటుకు మధ్య కాలిని ఒక లోహపు క్లిప్పుతో పట్టుకుంటే పైకి పాకే వేడి ఆ క్లిప్పులోకి మళ్లిపోతుంది. కాలువ నీళ్లు మడికి పోకుండా పక్క గుంటలోకి మళ్లించడం వంటిది. దీనికి పార్టును బోర్డుకు అంటుకునేలా దించకుండా, కాలు సుమారు ఒక సెంటీమీటరు పైకి కనపడేలా ఉంచాలి. క్లిప్పును ఒంటి దగ్గరగా పెట్టండి. జాయింటుకు మరీ దగ్గరగా పెడితే జాయింటుకు కావలసిన వేడిని కూడా అదే లాగేసి అంటు సరిగా పడదు. ఐరను తీశాక కూడా క్లిప్పును ఐదారు సెకన్లు అలాగే ఉంచండి.

ఏ లోహం క్లిప్పు అనేది కూడా చూడాలి. మన వంటింట్లో స్టీలు గరిటె కొస పొయ్యి మీద ఉన్నా ఇవతలి కొస పట్టుకోగలం. రాగి చెంబు అంచు మాత్రం వెంటనే చురుక్కుమంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కంటే రాగి సుమారు 25 రెట్లు బాగా వేడిని మోస్తుంది. అందువల్ల సన్నని స్టీలు ట్వీజరు పట్టుకుని పార్టును కాపాడుతున్నామనుకోవడం భ్రమ. రాగి క్రొకడైల్ క్లిప్పు దొరికితే అది మేలు. దొరకకపోతే నోస్ ప్లయరు. అది ఇనుమే అయినా మందంగా ఉంటుంది గనుక చాలా వేడిని తనలో దాచుకుంటుంది. దాని పిడులకు ఒక రబ్బరు బ్యాండు చుడితే అదే కాలిని కరుచుకుని ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయి.

అన్నింటికీ ఈ కాపలా అక్కరలేదు. రెసిస్టరుకు అసలే వద్దు. సిలికాన్ ట్రాన్సిస్టరు లోపలి చిప్పు 150 డిగ్రీల వరకు తట్టుకుంటుంది గనుక మూడు సెకన్ల పనికి క్లిప్పు లేకున్నా నడుస్తుంది, ఉంటే మంచిది. ఎల్.ఇ.డి.కి తప్పకుండా పెట్టండి, దాని కాళ్లు ప్లాస్టిక్కులోనే కుదురుకుని ఉంటాయి. పారదర్శకంగా వెండిరంగు చుట్టలా కనిపించే పాలిస్టైరీన్ కెపాసిటర్లు 85 డిగ్రీలు దాటితే చెడిపోతాయి. పాత పరికరాల నుంచి తీసినవి వాడేటప్పుడు వీటి విషయంలో జాగ్రత్త.

అన్నింటికంటే సుకుమారం జర్మేనియం ట్రాన్సిస్టర్లు. 1954లో స్థాపించిన బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1962లో జర్మేనియం సరుకుతోనే మొదలుపెట్టి, 1967లో సిలికాన్‌కు, ఐసీలకు వచ్చారు. ఏసీ128 వంటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు పాత రేడియోల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. గిటారు వాయించేవాళ్లు వీటి కోసం వెతుకుతారు. సౌండును ముతకగా, గీరగా మార్చే ఫజ్ పెడళ్లకు ఇవి ప్రసిద్ధి. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్ పెడలు మొదట జర్మేనియంతోనే చేశారు. వీటి లోపలి హద్దు 90, 100 డిగ్రీల లోపే. వేడి ఎక్కువైతే పూర్తిగా చావకుండా లీకేజీ పెరిగి ఉస్సుమని శబ్దం చేస్తూ బతుకుతాయి, అది మరీ చికాకు. వీటిని క్లిప్పు లేకుండా ముట్టుకోకండి. ఇంకా మంచిది, ట్రాన్సిస్టరు సాకెట్టు వాడండి.

ఐసీకి కూడా అదే మాట. ఎనిమిది కాళ్ల సాకెట్టును బోర్డుకు అంటించి, చల్లారాక ఐసీని గుచ్చితే ఐసీకి సోల్డరింగ్ వేడి సెగ కూడా తగలదు. సాకెట్టుకు పెట్టే కొద్ది రూపాయలు ఇన్సూరెన్సు ప్రీమియం అనుకోండి. గుచ్చేటప్పుడు ఐసీ మీది గంటు, సాకెట్టు మీది గంటు ఒకవైపే ఉండాలి.

బోర్డు బయటి సామాను

పిల్లలు బోర్డు మీద జాగ్రత్త పడి, వైర్ల దగ్గర ఆదమరుస్తారు. వాల్యూం కంట్రోలు వెనక డబ్బాకు ఎర్తు వైరు అంటించమని డయాగ్రంలో ఉంటుంది. అంత పెద్ద రేకు 25 వాట్ల ఐరనుకు లొంగదు. నిమిషం సేపు రుద్దితే లోపలి కార్బను పట్టీ పాడై, తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. రేకును ఉప్పుకాగితంతో మెరిసేలా రుద్ది, 60 వాట్ల ఐరనుతో నాలుగైదు సెకన్లలో ముగించాలి. ఇక్కడ పెద్ద ఐరనే పార్టుకు మేలు చేస్తుంది. గిటారు జాకు ప్లాస్టిక్కుదైతే, అంటించేటప్పుడు లోపల ఒక ప్లగ్గు గుచ్చి ఉంచండి. ప్లాస్టిక్కు మెత్తబడినా పిన్నులు పక్కకు జరగవు. వైర్లకు ముందుగానే కొసల్లో లెడ్డు పూసి ఉంచుకుంటే అంటించే సమయం సగమవుతుంది.

ఒకటి మాత్రం చేయకండి. వాల్వులతో చేసే గిటారు యాంప్లిఫయర్ల డయాగ్రంలు చూసి ఉత్సాహపడతారు. వాటిలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, స్విచ్చి ఆపాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటుంది. మాస్టారు పక్కన లేకుండా వాటి జోలికి వెళ్లవద్దు.

తల్లిదండ్రులకు మనవి

ఈ పని గిటారుతో ఆగదు. మన తాలూకాలో తిరుమణి చుట్టూ 2019 డిసెంబరుకు పూర్తయిన 2,050 మెగావాట్ల సోలార్ పార్కు మీకు తెలిసిందే. ఆ ప్యానెళ్ల లోపల ఒక సెల్లును ఇంకో సెల్లుకు కలిపే సన్నని పట్టీలు కూడా సోల్డరింగ్‌తో అతికినవే. స్టార్టరు ప్యానెలు, ఇన్వర్టరు, మొబైలు, ఏది బాగు చేయాలన్నా ఈ చేయి కావాలి. పిల్లవాడు ఒకటి రెండు పార్టులు పోగొడితే "నీ చేతికి రాదు" అనేముందు వోల్టేజీ ఎంతుందో ఒకసారి చూడండి.

లెడ్డు తీగలో సీసం ఉంటుంది. వంటింట్లో, అన్నం తినే చోట ఈ పని వద్దు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. చిన్నపిల్లలను ముక్కల దగ్గరికి రానివ్వకూడదు. కిటికీ తెరిచి పెట్టి పొగ ముఖానికి తగలకుండా కూర్చోవాలి.

ఇక ఊడదీయడం. నిజానికి అంటించేటప్పటి కంటే ఊడదీసేటప్పుడే ఎక్కువ పార్టులు, బోర్డు మీది రాగి పట్టీలు పోతాయి. చెడిపోయిన ఐసీని నేరుగా బోర్డుకు అంటించి ఉంటే, దాన్ని కాపాడాలని చూడకండి. ఎలాగూ పోయినదే. కట్టరుతో ఎనిమిది కాళ్లూ కత్తిరించి ఒళ్లు తీసేసి, తర్వాత ఒక్కొక్క కాలికి కొద్దిగా కొత్త లెడ్డు ఇచ్చి కరిగించి ట్వీజరుతో లాగేయండి, పంపుతో రంధ్రం శుభ్రం చేయండి. కొత్త లెడ్డు ఇస్తే పాతది త్వరగా కరుగుతుంది, రాగి పట్టీ లేవదు. ఆ రంధ్రాల్లో ఈసారి సాకెట్టు పెట్టండి. పని ముగించి ఐరను ఆపే ముందు బిట్టును తుడిచేసి వదలకండి. కొసకు నిండుగా లెడ్డు పూసి అలాగే చల్లారనివ్వండి, మరుసటి రోజుకు నల్లబడకుండా ఉంటుంది.